మూడు కాళ్ళలో ఏది ఏ కాలు? మా రుద్రారం రూంలోని టెస్టర్ కథ

పోస్టు పొడుగైంది. ఛాయ్ పెట్టుకొని చదవండి. తొందరున్నవాళ్ళు సేవ్ చేసుకొని రాత్రికి చదవండి. ఐటీఐ, డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ తీసుకున్న పిల్లలకు ఇది పక్కా పనికొస్తుంది. మిగతావాళ్ళు మా చిన్నోడి కోసమన్నా చదవండి.

మేం నలుగురం. రుద్రారంలో ముంబై హైవేకి లోపలి పక్క ఒక రేకుల రూంలో ఉంటం. ఇద్దరం నారాయణఖేడ్ వైపు తండాల పిల్లలం, ఒకడు ఉట్నూరు దిక్కు గోండు గూడెం నుంచి, ఒకడు భద్రాచలం దిక్కు కోయ ఊరి నుంచి. నలుగురికి కలిపి ఇంటి భాషలు మూడు. రూంలో మాత్రం తెలుగు, కొట్లాడుకునేటప్పుడు హిందీ. పటాన్‌చెరులో కిరాయి ఎక్కువ, సంగారెడ్డి నుంచి రోజూ తిరిగితే బస్సుకే పైసలు పోతయి, అందుకని నడుమ రుద్రారంలో పడ్డం. ఇక్కడ పెద్ద యూనివర్సిటీ ఉంది, తోషిబా వాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీ ఉంది, గణేశ్ గడ్డ గుడి ఉంది. పొద్దున రోడ్డు మీద నిలబడితే కారులో కాలేజీకి పోయే పిల్లలు, షేర్ ఆటోలో షిఫ్టుకు పోయే పిల్లలు ఒకేసారి కనపడతరు. వయసు ఇద్దరిదీ ఒకటే.

మా గల్లీలో బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. అందరూ పాశమైలారం, ఇస్నాపూర్, రుద్రారం కంపెనీల్లో పని. వాళ్ళ ఎమర్జెన్సీ లైట్లు, చార్జర్లు, ఇండక్షన్ స్టవ్‌లు ఆదివారం పూట మా రూంకు వస్తయి. బాగు చేస్తే యాభయ్యో వందో ఇస్తరు. లేకపోతే పూరీలు పెడతరు. మా అసలు చదువు అక్కడే అయిందని చెప్పాలి. ఎందుకంటే ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా మాకు సైన్స్ ల్యాబ్ అంటే తాళం వేసిన గది. డిప్లొమాలో ల్యాబ్ ఉంది, కానీ ఒక బోర్డు చుట్టూ ఆరుగురం. ముందు నిలబడ్డోడు వైర్లు పెడతడు, వెనకున్నోళ్ళం రికార్డులో రీడింగులు రాసుకుంటం. మనోళ్ళు ఎక్కువసార్లు వెనకనే ఉంటరు, ఈ సంగతి మీకు కొత్తగా చెప్పేది కాదు.

ఇక చిన్నోడి సంగతి. మా నలుగురిలో వాడు చిన్న. డిప్లొమా అయినంక ఒక కంపెనీ మెయింటెనెన్స్‌లో అప్రెంటిస్‌గా చేరిండు. కంపెనీ పేరు రాయం, అడగకండి. వాడి యాడి, బా ప్రతి ఏడు దసరా తర్వాత చెరుకు నరకడానికి పోతరు, మళ్ళ ఎండాకాలంలోనే తండాకు వచ్చేది. వీడు నెలనెలా పంపే పైసల మీద తాత, చెల్లె బతుకుతరు. అప్రెంటిస్ అయిపోయినంక అక్కడే కాంట్రాక్టులో తీసుకుంటరని ఆశ. అంటే పేరు చెడిపోవద్దు, అదొక్కటే.

ఒకరోజు ఒక కంట్రోల్ బోర్డులో రిలే ఇరుక్కుంది. ఆ రిలే ఒక చిన్న బ్లోవర్‌ను నడుపుతది. ఆన్ అయితే ఆఫ్ కావట్లేదు. చిన్నోడు చెక్ చేసి రిలేను నడిపే ట్రాన్సిస్టర్ షార్ట్ అయిందని కరెక్టుగానే పట్టుకున్నడు. డ్రాయింగ్‌లో 2222 అని ఉంది. స్టోర్‌లో అడిగితే 2222 పాకెట్ ఇచ్చిన్రు. పాతది ఎట్ల ఉందో అట్లనే, చదునుగా ఉన్న ముఖం అదే దిక్కు పెట్టి సోల్డర్ చేసిండు. కరెంటు ఇచ్చిన్రు. రిలే పట్టుకుంది, మళ్ళ వదల్లేదు. పాత రోగమే. ఇంకోటి పెట్టిండు, అది కూడ అంతే.

అప్పుడు సూపర్‌వైజర్ అందరి ముందర అన్న మాటలన్నీ ఇక్కడ రాయలేం. "కోటాలో సీటు, కోటాలో పాసు, కాలు ఏదో చెయ్యి ఏదో తెల్వదు" అన్నది ఒకటి మాత్రం రాస్తున్నం. రెండు ట్రాన్సిస్టర్లు చేతిలో పడేసి, "ఇవి తీస్కపోయి ఇంట్ల నేర్చుకొని రా, రెండు రోజులు కనపడకు" అన్నడట. హాజరీ బుక్కులో రెండు నాగాలు.

రాత్రి మేం షిఫ్టు నుంచి వచ్చేసరికి వాడు లైటు వేసుకోకుండా కూర్చున్నడు. అన్నం వండలే. ఏమైందిరా అంటే చెప్పడు. చాలాసేపటికి జేబులోంచి ఆ రెండు ట్రాన్సిస్టర్లు తీసి చాప మీద పెట్టి, "అన్నా, నాకు నిజంగనే పని రాదా?" అన్నడు. మాకు వెంటనే జవాబు తోచలే. ఎందుకంటే మేం కూడ వాడు ఏదో తప్పు చేసిండనే అనుకున్నం. అది ఒప్పుకోవాలె.

ఇక్కడ ఆగి, తెలియనోళ్ళకు కొంచెం చెప్తం. ట్రాన్సిస్టర్‌కు మూడు కాళ్ళు: ఎమిటర్, బేస్, కలెక్టర్. బేస్‌లోకి కొంచెం కరెంటు పంపితే కలెక్టర్ నుంచి ఎమిటర్‌కు దానికి ఎన్నో రెట్లు పోతుంది. ఆ రెట్టింపు లెక్కనే హెచ్ఎఫ్ఈ అంటరు, గెయిన్ అని కూడ అంటరు. కాలేజీ ల్యాబులో మనకు చూపించేది ఎస్ఎల్100. ఇనుప టోపీ లాంటిది, అంచుకు చిన్న నాలుక ఉంటుంది, నాలుక దగ్గరున్నది ఎమిటర్ అని సార్ చెప్తరు. మనం అది బట్టీ కొట్టి వైవాలో చెప్పి బయటపడతం. బయట పనిలో కనపడేవి ఎక్కువగా చిన్న నల్ల ప్లాస్టిక్‌వి, ఒక ముఖం చదును, వెనక గుండ్రం, కింద మూడు తీగలు. దానికి నాలుకా లేదు, చుక్కా లేదు.

ఇందులో అసలు ఇరకాటం ఏందంటే, చూడడానికి అన్నీ ఒక్క తీరే ఉంటయి, కాళ్ళ వరుస మాత్రం ఒక్కటి కాదు. చదును ముఖం మన దిక్కు, కాళ్ళు కిందికి పెట్టి ఎడమ నుంచి చదివితే బీసీ547కు కలెక్టర్, బేస్, ఎమిటర్. జపాన్ వాళ్ళ సీ1815కు ఎమిటర్, కలెక్టర్, బేస్. అంటే నడిమి కాలే మారిపోయింది. పాత సీఎఫ్ఎల్ బల్బుల్లో నుంచి పీకే 13001 అయితే ఒక్కో తయారీదారుది ఒక్కో వరుస. కోఠి గుజరాతీ గల్లీలో షాపువాడు "547 లేదు, దీని బదులు ఇది వేస్కో" అని ఇచ్చేస్తడు. పనిచేస్తది, నిజమే, కానీ కాళ్ళు తిప్పి పెట్టాలన్న ముచ్చట చెప్పడు. కొనుక్కునేవాడికి తెలుసనుకుంటడు.

మల్టీమీటర్‌తో కూడ కాళ్ళు గుర్తుపట్టవచ్చు. డయోడ్ మోడ్‌లో పెట్టి ఏ కాలి నుంచి మిగతా రెండు కాళ్ళకు సుమారు 0.6, 0.7 వోల్టులు చూపిస్తదో అది బేస్. ఎర్ర తీగ బేస్ మీద ఉంటే ఎన్‌పీఎన్, నల్లది ఉంటే పీఎన్‌పీ. మిగిలిన రెండింట్లో రీడింగు కొంచెం ఎక్కువ వచ్చేది ఎమిటర్. ఆ "కొంచెం" ఎంతంటే ఒక్కోసారి కొన్ని మిల్లీవోల్టులే. మీటరు బ్యాటరీ డౌన్ అయి ఉంటే, చెయ్యి వణికితే, ఎవడు ఎమిటరో ఎవడు కలెక్టరో తెల్వక తల గోక్కోవాలె.

మా రూంలో అందుకే ఒక టెస్టర్ ఉంది. అరచేతిలో పట్టేంత బోర్డు, చిన్న స్క్రీన్, ఒక పచ్చ సాకెట్, పక్కన లివర్, ఒక బటన్, తొమ్మిది వోల్టుల బ్యాటరీ. ట్రాన్సిస్టర్‌ను ఏ కాలు ఏ రంధ్రంలో అని చూడకుండా పెట్టి, లివర్ కిందికి నొక్కి, బటన్ ఒత్తితే రెండు మూడు సెకన్లలో బొమ్మ గీసి చూపిస్తది: ఎన్‌పీఎన్, ఒకటోది ఇది, రెండోది ఇది, మూడోది ఇది, గెయిన్ ఇంత, బేస్-ఎమిటర్ వోల్టేజి ఇంత. ఆన్‌లైన్‌లో ఏడు వందలైంది. నలుగురం పంచుకున్నం.

తండా నుంచి వచ్చిన మేమిద్దరం దానికి "నాయక్" అని పేరు పెట్టినం. తండాలో తగాదా వస్తే నాయక్ కూర్చొని ఇటువాళ్ళను అడుగుతడు, అటువాళ్ళను అడుగుతడు, మళ్ళ మార్చి అడుగుతడు, ఆఖరికి ఎవరు ఎవరో తేలుస్తడు. ఇది కూడ చేసేది అదే. ఉట్నూరోడు మాత్రం ఒప్పుకోలే, "మా గూడెంలో పట్ల ఉంటడు, పట్ల అనాలె" అన్నడు. కోయ తమ్ముడు "ఏదైతేంది, పెద్దమనిషి అనుండ్రి" అని తేల్చిండు. ఇప్పటికీ దానికి మూడు పేర్లున్నయి.

ఇంత చౌకగా ఎందుకొస్తదో కూడ చెప్పాలి. ఇంగ్లండులో బక్స్‌టన్ అనే ఊర్లో పీక్ అనే కంపెనీ అట్లాస్ డీసీఏ55 అని ఇట్లాంటిదే చేస్తది. మంచిది, కానీ మాలాంటోళ్ళ చేతికందే ధర కాదు. జర్మనీలో మార్కుస్ ఫ్రేయెక్ అనే ఆయన ఒక మామూలు మైక్రోకంట్రోలర్‌తో ఈ పని చేసే డిజైను తయారుచేసి, సర్క్యూటు, ప్రోగ్రాం అందరికీ తెరిచి పెట్టిండు. తర్వాత కార్ల్-హైంజ్ క్యూబ్బెలర్ అనే ఆయన దాన్ని చాలా పెంచిండు, మొత్తం ఎట్ల పనిచేస్తదో పెద్ద పుస్తకమంత రాసి ఊరికే ఇచ్చిండు. చైనా వర్క్‌షాపులు ఆ డిజైనునే బోర్డులుగా కొట్టి అమ్ముతున్నయి. వాళ్ళిద్దరూ దాచుకొని ఉంటే మా రూంకు ఇది వచ్చేది కాదు.

లోపల ఏం చేస్తదంటే, మూడు రంధ్రాలకు ఒక్కోదానికి రెండు రెసిస్టర్లు ఉంటయి, ఒకటి 680 ఓములు, ఒకటి 470 కిలో ఓములు. ఒక్కో కాలిని అయిదు వోల్టులకు కలపొచ్చు, గ్రౌండ్‌కు కలపొచ్చు, ఏదీ కాకుండ ఊరికే వదిలేయొచ్చు. మూడు కాళ్ళను ఆరు రకాలుగా మార్చి మార్చి పెట్టి చూస్తది. ఏ కాలిని కదిలిస్తే మిగతా రెండింటి మధ్య దారి తెరుచుకుంటదో అది బేస్. ఆ తర్వాత ఎమిటర్, కలెక్టర్ తేల్చడానికి ఒకసారి ఇటు, ఒకసారి అటు పెట్టి గెయిన్ కొలుస్తది. ట్రాన్సిస్టర్‌ను ఉల్టా పెట్టినా కొంచెం పనిచేస్తది, కానీ గెయిన్ చాలా తక్కువ. ఎక్కువ గెయిన్ వచ్చిన వరుసే సరైన వరుస. మీద ఏం రాసి ఉందో దానికి పట్టింపు లేదు, అది చదవలేదు కూడ.

ఆ రాత్రి మేం చేసింది ఇంతే. చిన్నోడి ట్రాన్సిస్టర్ చదును ముఖం మా దిక్కు పెట్టి, ఎడమ కాలు ఒకటో రంధ్రంలో, నడిమిది రెండులో, కుడిది మూడులో పెట్టి బటన్ ఒత్తినం. ఎన్‌పీఎన్. గెయిన్ రెండు వందల పైన. పీసు శుభ్రంగా ఉంది. ఒకటి కలెక్టర్, రెండు బేస్, మూడు ఎమిటర్.

చిన్నోడు ఫోన్‌లో డ్రాయింగ్ ఫొటో తీసి ఉంచుకున్నడు. అందులో అదే దిక్కు నుంచి చూస్తే ఎడమ ఎమిటర్, నడుమ బేస్, కుడి కలెక్టర్.

ఎవరం మాట్లాడలే. రెండోది పెట్టినం. అదే వరుస. మొదటిదాన్ని తిప్పి పెట్టినం, తిప్పినట్టే చూపించింది. అప్పుడు ఫోన్ కెమెరా జూమ్ చేసి మీద రాసింది చదివినం. అక్షరాలు రెండు వరుసల్లో విరిగి ఉన్నయి. పై వరుసలో పీ2ఎన్2, కింద 222ఏ. కలిపి చదివితే పీ2ఎన్2222ఏ. బోర్డు మీద అసలు ఉండాల్సింది పీఎన్2222ఏ. నడుమ ఒక్క "2" తేడా. రెండిటి డేటాషీట్లు దించి పక్కపక్కన పెట్టినం. వోల్టేజీ రేటింగులు ఒకటే, వాడకం ఒకటే, సైజు ఒకటే. కాళ్ళ వరుస మాత్రం ఎడమది కుడికి, కుడిది ఎడమకు. స్టోర్‌వాళ్ళకు అన్నీ 2222లే.

అయినా మాకు ఒక అనుమానం మిగిలింది. ఉల్టా పెడితే పనిచేయకపోవాలి కదా, రిలే పట్టుకొని వదలకుండ ఎందుకుంది? అందుకని పాత స్టెబిలైజర్‌లోంచి పీకిన 12 వోల్టుల రిలే, రౌటర్ అడాప్టరు, బ్రెడ్‌బోర్డు తీసి రాత్రి పన్నెండింటికి అదే సర్క్యూటు కట్టినం. కరెంటు ఇస్తే ఏం కాలే. బేస్‌కు అయిదు వోల్టులు తాకించినం, టక్ అని రిలే పట్టుకుంది. బేస్ వైరు తీసేసినం. వదల్లే. మళ్ళ తాకించి తీసినం, వదల్లే. చిన్నోడు నవ్విండు, పొద్దటి నుంచి మొదటిసారి.

సంగతి ఏందంటే, ఉల్టా పెట్టినప్పుడు రిలే నుంచి వచ్చే 12 వోల్టులు ఎమిటర్ మీద పడతయి. ఎమిటర్-బేస్ జంక్షన్ ఉల్టా దిశలో తట్టుకునేది డేటాషీట్ ప్రకారం 6 వోల్టుల దాకే. అది దాటినంక అది లీకవుతది. ఆ లీకు రిలేను కొత్తగా లాగడానికి సరిపోదు, కానీ ఒకసారి లాగినంక పట్టి ఉంచడానికి సరిపోతది. రిలేకు లాగడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, పట్టుకొని ఉండడానికి చాలా తక్కువ చాలు. షార్ట్ అయిన పాత ట్రాన్సిస్టర్, ఉల్టా పెట్టిన కొత్త ట్రాన్సిస్టర్, రెండూ బయటికి ఒకే రోగం చూపించినయి. అందుకే అక్కడ అందరూ వీడు ఏదో కాల్చిండనుకున్నరు.

అన్నం రెండు గంటలకు వండుకున్నం. గుడ్లు లేవు, పచ్చిమిరపకాయ తొక్కుతో తిన్నం.

తెల్లారి పోదామా వద్దా అని పెద్ద చర్చ. ఉట్నూరోడు "రెండు రోజులు రావద్దన్నరు కదా, పోతే ఇంకా కోపమొస్తది" అన్నడు. ఇంకొకడు "ఇప్పుడు పోకపోతే ఆ మాట వీని మీద రాసి ఉన్నట్టే ఉంటది" అన్నడు. ఆఖరికి మూడో రోజు, వాడి డ్యూటీ రోజే, టెస్టర్ బ్యాగులో పెట్టి పంపినం. బ్యాటరీ కొత్తది వేసినం. పాత బ్యాటరీతో రీడింగు తప్పొచ్చి వాడి పరువు పోవద్దని ఆ ఖర్చు చేసినం.

సూపర్‌వైజర్ స్క్రీన్ చూసి, "ఈ చైనా బొమ్మను నమ్మాల్నా?" అన్నడట. చిన్నోడు ఏం వాదించలే. మల్టీమీటర్‌లో ట్రాన్సిస్టర్ పెట్టే గుండ్రటి సాకెట్ ఉంటది కదా, కంపెనీ మీటర్‌లోనే అదే పీసు పెట్టి చూపించిండు. ఒక దిక్కు రెండు వందల పైన, తిప్పి పెడితే పది కూడ రాలే. పక్కన ఒక పెద్దాయన ఉన్నడు, చాలా ఏళ్ళ సర్వీసు ఉన్న ఎలక్ట్రీషియన్. ఆయన ఏం మాట్లాడకుండ సోల్డరింగ్ ఐరన్ తీసుకొని, బోర్డు మీది ట్రాన్సిస్టర్ పీకి, ముఖం అవతలి దిక్కు తిప్పి పెట్టిండు. స్విచ్ వేసిన్రు. రిలే పట్టుకుంది. స్విచ్ తీసిన్రు. వదిలింది.

సారీ ఎవరూ చెప్పలే. రెండు నాగాలు హాజరీ బుక్కులో అట్లనే ఉన్నయి, ఆ పైసలు రాలే. కాంట్రాక్టు సంగతి ఇంకా తేలలే. పెద్దాయన మాత్రం మధ్యాహ్నం క్యాంటీన్‌లో చిన్నోడి పక్కన కూర్చొని, "ఆ డబ్బా ఎక్కడ దొరుకుతది బేటా, మా పిల్లోడు పాలిటెక్నిక్‌లో ఉన్నడు" అని అడిగిండట.

ఇప్పుడు ఈ టెస్టర్‌ను దేవుడిని చేస్తున్నం అనుకోకండి. మాకు ఇది మోసాలు కూడ చేసింది. కొన్ని మా తప్పులు, కొన్ని దాని పరిమితులు. మీరు కొనేముందు తెలుసుకోండి.

అసలు ఇది మా రెండో టెస్టర్. మొదటిది వారం రోజులకే చచ్చిపోయింది. ఒక ఎస్ఎంపీఎస్ అడాప్టర్‌లోంచి పెద్ద కెపాసిటర్ పీకి, అందులో చార్జ్ ఉందో లేదో చూడకుండ, నేరుగా సాకెట్‌లో పెట్టినం. చిన్న చప్పుడు. స్క్రీన్ మళ్ళ వెలగలే. దాని కాళ్ళు నేరుగా మైక్రోకంట్రోలర్ దగ్గరికే పోతయి, నడుమ గట్టి కాపలా లేదు. ఏడు వందలు పోయినయి. ఎవరు పెట్టిన్రో మేం బయటికి చెప్పుకోం, నలుగురం కలిసే పెట్టినం అంటం. ఇప్పుడు ఏ కెపాసిటరైనా ముందు పది వాట్ల రెసిస్టర్‌తో రెండు కాళ్ళు కలిపి ఖాళీ చేసి, మల్టీమీటర్‌తో సున్నా చూసినంకనే టెస్టర్ దగ్గరికి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మానుకోండి, కంట్లో నిప్పురవ్వ పడ్డోళ్ళను చూసినం.

బోర్డు మీద ఉన్న పార్టును తీగలు పెట్టి టెస్ట్ చేయకండి. చుట్టూ ఉన్న రెసిస్టర్లు, డయోడ్లు కూడ కలిసి కనపడతయి, అది చూపించేది ఎవరి గురించో తెల్వదు. పీకి చూడాలె.

ఇండక్షన్ స్టవ్ ముచ్చట చెప్పాలె. పక్క రూం ఒడిశా అక్క స్టవ్ తెచ్చింది. అందులో పెద్ద ఐజీబీటీ ఉంటది, హెచ్20ఆర్1203. టెస్టర్‌లో పెడితే ఉత్త డయోడ్ అని చూపించింది. పోయింది అని తేల్చి, ఆమెతో పైసలు పెట్టించి కొత్తది తెప్పించినం. కొత్తది పెట్టి చూస్తే అది కూడ డయోడే! అప్పుడు డేటాషీట్ తీసినం. దాని గేటు తెరవాలంటే అయిదు వోల్టుల కన్నా ఎక్కువ కావాలి. మా పెద్దమనిషి దగ్గర ఉన్నదే అయిదు. తలుపు తెరవలేక, లోపల పక్కనున్న డయోడ్‌నే చూసి చెప్పింది. పాతది మంచిదే. రోగం వేరే కాడ ఉండె. ఆ అక్కకు పైసలు మేం తిరిగిచ్చినం, ఆమె తీసుకోనంటే పిల్లలకు నోటుబుక్కులు కొన్నం. అప్పటి నుంచి పెద్ద ఐజీబీటీలకు తొమ్మిది వోల్టుల బ్యాటరీ గేటుకు పెట్టి, ఒక బల్బు వేసి చూస్తున్నం.

టీఐపీ122 లాంటి డార్లింగ్టన్‌లు కూడ దీన్ని గందరగోళపెడతయి. లోపల రెండు ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు ఉంటయి, టెస్టర్ ఇచ్చే కొంచెం కరెంటు ఆ రెసిస్టర్లలోంచే జారిపోతది. వింత వింత రీడింగులొస్తే పోయిందని వెంటనే పడేయకండి.

ఇంకోటి, టెస్టర్ కాళ్ళు చెప్తది, ప్రాణముందో లేదో చెప్తది, బలం ఎంతో చెప్పదు. 2ఎన్3055 అని పెద్ద ఇనుప ట్రాన్సిస్టర్ ఉంటది, పాత యాంప్లిఫయర్లలో, పవర్ సప్లయిలలో. అసలుది 15 ఆంపియర్ల రేటింగ్. నకిలీది లోపల చిన్న ముక్క పెట్టి అదే డబ్బాలో అమ్ముతరు. టెస్టర్‌కు రెండూ ఎన్‌పీఎన్, రెండూ మంచి గెయిన్. లోడు పెట్టినంకనే నకిలీది పొగ కక్కుతది. మా డీజే బాక్సు ఒకటి తండాలో తీజ్ పండగ నడుమ ఆగిపోయింది దీని వల్లనే. ఆ రోజు మమ్మల్ని ఎవరెవరు ఏమన్నరో ఇంకో పోస్టులో రాస్తం.

ఒక మంచి ముచ్చట కూడ ఉంది. చిన్నోడి తాత దగ్గర పాత రేడియో ఉండె, మూగబోయి ఎన్నేళ్ళయిందో. సంక్రాంతికి పోయినప్పుడు తెచ్చిండు. లోపల ఏసీ128 అని వెండి గొట్టం లాంటి ట్రాన్సిస్టర్లు. టెస్టర్‌లో పెడితే పీఎన్‌పీ, బేస్-ఎమిటర్ వోల్టేజి 0.2 చిల్లర. మన ఇప్పటి సిలికాన్‌వి 0.6, 0.7 చూపిస్తయి. అంటే ఇవి జెర్మేనియంవి. నంబరు చెరిగిపోయిన ఇంకోదాన్ని కూడ ఆ వోల్టేజి చూసే జెర్మేనియం అని పట్టుకున్నం. దాని బదులు బీసీ557 పెట్టేసి ఉంటే బయాస్ అంతా తప్పేది. ఇట్లాంటి పాతవాటికి లీకేజి ఎక్కువ, గెయిన్ రీడింగు పూర్తిగా నమ్మొద్దు, కానీ ఏ జాతిదో మాత్రం తెలుస్తది. రేడియో ఇంకా పూర్తిగా పలకలే. గరగర వస్తుంది. తాత ఫోన్ చేసినప్పుడల్లా "గరగర వస్తుందంటే ప్రాణముందన్నట్టే కదా" అంటడు.

కంపెనీ స్టోర్‌లో ఆ 2222 పాకెట్ మీద ఇప్పుడు నల్ల మార్కర్‌తో తెలుగులో "దీని కాళ్ళు ఉల్టా, చూసి పెట్టండి" అని ఉంది. చిన్నోడి రాతే. స్టోర్ ఇన్‌చార్జే మార్కర్ ఇచ్చి రాయమన్నడట.

రుద్రారం, ఇస్నాపూర్, కంది, పటాన్‌చెరు చుట్టుపక్కల ఉన్న మన పిల్లలెవరికైనా ఏదైనా పార్టు అనుమానంగా ఉంటే ఆదివారం మా రూంకు తీసుకురండి. పైసలు అక్కర్లేదు. పాత బోర్డులుంటే తెండి, పీకడం నేర్పిస్తం, పీకినవాటిని పరీక్షించి డబ్బాల్లో వేసుకొని పోవచ్చు. డిప్లొమా మొదటి సంవత్సరం చెల్లెళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి రండి, పక్క రూం అక్క కూడ ఉంటది. సంకష్టి చతుర్థి నాడు మాత్రం రావద్దు, గణేశ్ గడ్డ దగ్గర బండ్ల రద్దీకి మా గల్లీలోకి మలగడం కష్టం. కెపాసిటర్లు తెచ్చేవాళ్ళు ఖాళీ చేసుకొని తెండి. ఇంకో టెస్టర్ కొనే పైసలు మా దగ్గర ఇప్పుడైతే లేవు.